చదరంగమున చుట్టఱికము

చదరంగము మన దేశమున పుట్టిన ఆట. చతురంగమను పేర ఇచ్చట బయలుదేరి, పారసీకమునకు పోయి, అరబ్బుల చేతులమీదుగా ఐరోపాఖండము చేరి, అచ్చట నేటి రూపము దాల్చి, మరల మన యిండ్లకు వచ్చినది. పూర్వము మన గ్రామములలో ఈ యాట అరుగులమీద సాగెడిది. ఆడువా రిద్దఱు, చూచువారు పదిమంది. ఇప్పుడు చేతిలోని ఫోనే చదరంగపు పలక యైనది. హైదరాబాదులోని పినతండ్రియు గుంటూరులోని అన్న కుమారుడును, అమెరికాలోని మేనమామయు బందరులోని మేనల్లుడును, ఒకరి మొగ మొకరు చూడకయే, రాత్రి భోజనమైన పిదప ఒక ఆట ఆడుకొని నిద్రించుచున్నారు. దూరమున నున్న బంధువులను ఇట్లు దగ్గఱ చేయు సాధనమును మేము నిందింపము. అది మేలైనదే.

అయితే ఈ మేలును వెన్నంటి ఒక అలవాటు మెల్లగా మన బాలుర యందు ప్రబలుచున్నది. ఆట నడుమనో, ఒక్కొక్కప్పుడు ఆట మొదలుకాకమునుపే, "మనలో మనకెందుకు? డ్రా చేసికొందము" అని చుట్టములు మాటలాడుకొని ఆట ముగించుచున్నారు. అన్న తమ్మునికి ఓటమి లేకుండ చేయుచున్నాడు. తమ్ముడు అన్న మాట కాదనలేక ఒప్పుకొనుచున్నాడు. పెద్దలు విని, "పోనీలే, పిల్లలు తగవులాడుకొనలేదు గదా" అని సంతోషించుచున్నారు. ఇందులో తప్పేమున్నదని మమ్ము విద్యార్థు లడుగుచుందురు. ప్రశ్న చిన్నదిగా తోచినను దాని వెనుక నున్న విషయము చిన్నది కాదు. కావున ఈ సంచికయందు దానిని కొంత విచారింప దలచితిమి.

మొదట డ్రా యననేమో తెలిసికొనవలెను. గెలుపును ఓటమియు లేక ఆట సరిపోవుటయే డ్రా. అది పలు విధముల కలుగును. రాజునకు చెక్కు లేకపోయినను, ఆడవలసినవానికి వేయుటకు ఒక్క ఎత్తైనను మిగులనిచో ఆట సరి. పలకమీద ఒకే స్థితి మూడుమారులు వచ్చినయెడల డ్రా యడుగవచ్చును. బంటు కదలక, ఏ పావును చావక ఇరువైపుల ఏబదేసి ఎత్తులు గడచినను అంతే. ఆటకట్టు చేయుటకు చాలు పావులు ఇరువురకును లేకున్నను అంతే. వీనికి తోడు, ఆడువారిద్దఱును అంగీకరించి డ్రా చేసికొనుట యొకటి కలదు.

ఈ కడపటి విధమును అంతర్జాతీయ చదరంగ సమాఖ్య యగు ఫిడే వారి నియమములు ఒప్పుకొనుచునే యున్నవి. కాని దానికొక పద్ధతి యున్నది. ఇరువురును కనీస మొక్కొక్క ఎత్తైనను వేసి యుండవలెను. డ్రా కోరువాడు తన ఎత్తు వేసిన పిదప, గడియారము నొక్కకమునుపు కోరవలెను. కోరిన పిమ్మట ఆ మాట వెనుకకు తీసికొనరాదు. ఎదుటివాడు నోట కాదనవచ్చును; లేదా ఆడ దలచిన పావును ముట్టుటచేతనే నిరాకరింపవచ్చును. ఇన్ని ఎత్తుల లోపల డ్రాకు ఒప్పుకొనరాదని కొన్ని పోటీలలో కట్టుబాటు చేయుదురు. 2005వ సంవత్సరమున బల్గేరియా దేశపు సోఫియా నగరమున జరిగిన పోటీయందు ఆటగాండ్రు తమలో తాము డ్రా మాట యెత్తగూడదనియు, తీర్పరి ద్వారా మాత్రమే కోరవలెననియు విధించిరి. ఇన్ని కట్టుబాట్లు ఎందులకు? డ్రా యనునది పోరాటమునకు ఫలము కావలెనే కాని పోరాటమును తప్పించుకొను దారి కాగూడదను తలంపుచేతనే.

కాబట్టి డ్రాకు ఒప్పుకొనుట తప్పని మేము చెప్పుట లేదు. బంధువుతో డ్రాకు ఒప్పుకొనుట తప్పనియు చెప్పుట లేదు. ఇరువురును శక్తికొలది ఆడి, పావులు తరిగి, ఎవరికిని గెలుపుదారి కానరానప్పుడు తండ్రియు కొడుకును డ్రా యని చేతులు కలుపుకొనిన అది గౌరవమైన ముగింపు. లెక్కకు రాని వినోదపుటాటలో ఇష్టము వచ్చినప్పుడు ఆపి అన్నమునకు లేచినను దోషము లేదు. అది యింటి ముచ్చట. మేము ప్రశ్నించునది మూడవ తెగకు చెందిన డ్రా. ఆట రేటింగునకు లెక్కకు వచ్చునదియో, పోటీలో భాగమైనదియో యై యుండగా, పలకమీది స్థితిని బట్టి గాక చుట్టఱికమును బట్టి నిర్ణయింపబడు డ్రా యిది. దీనిని మేము తప్పనుచున్నాము. ఏలయన, లెక్కకు వచ్చు ఆట ఫలితము ఇద్దఱి సొత్తు కాదు. అది ఇతరులు నమ్మునట్టి సాక్ష్యము.

ఈ మాటను కొంత వివరింతుము. రేటింగనగా ఆటగాని బలమును తెలుపు అంకె. హంగేరీ దేశమున జన్మించి అమెరికాయందు భౌతికశాస్త్రము బోధించిన ఆర్పడ్ ఎలో కూర్చిన లెక్కను ఫిడే వారు 1970లో స్వీకరించిరి. ఆ లెక్క యొక్క వరుస యిది. అన్న రేటింగు 1900, తమ్మునిది 1500 అనుకొందము. నాలుగువందల తేడా యున్నచోట, పదునొకండు ఆటలాడిన బలవంతునికి సుమారు పది పాయింట్లును, బలహీనునికి ఒకటియు రావలెనని అంచనా. అనగా ఒక్కొక్క ఆటలో తమ్మునికి రాదగినది 0.09. డ్రా యైనచో వచ్చునది 0.5. అదనముగా వచ్చినది 0.41. పదునెనిమిదేండ్లు నిండక, 2300 లోపు రేటింగు గల పిల్లలకు ఫిడే వారు వాడు గుణకము 40. గుణించి చూడుడు. ఒక్క డ్రాతో తమ్ముడు సుమారు 16 పాయింట్లు పైకెక్కును. అన్నయు ఆ వయస్సు లోపలివాడే యైనచో అంతే మేర దిగును. ఫోనులలోని వేదికలు గ్లికో అను వేఱొక లెక్కను వాడుచున్నను మూలసూత్ర మిదియే. అనుకొన్న దానికంటె ఎక్కువ సాధించినవాడు ఎక్కును; తక్కువ సాధించినవాడు దిగును.

ఇప్పుడేమైనది? తమ్మునికి లేని బలము ఉన్నట్లును, అన్నకు ఉన్న బలము లేనట్లును ఆ అంకెలు లోకమునకు చెప్పుచున్నవి. మఱునాడు వేదిక ఆ అంకెలను నమ్మి జతలు కూర్చును. విజయనగరములోనో, బ్రెజిలు దేశములోనో యున్న ఒక బాలుడు అన్నతో ఆడును. అతడు 1884 గలవానితో ఆడుచున్నానని యెంచును. నిజమున కాడునది 1900 గలవానితో. ఓడినచో తాను పోగొట్టుకొనదగిన దానికంటె కొంచె మెక్కువ పోగొట్టుకొనును. ఆ కొంచెము ఒక ఆటకు కొంచెమే. రాత్రికి పది ఆటలు, నెలకు మూడువందలు ఇట్లు సాగించినచో అది కొంచెము కాదు. అంగడిలో తూనికరాయిని వీసమెత్తు గీకినవాడు ఒక్క బేరమున కొనువానిని దివాలా తీయింపడు. అయినను ఆ రాయి దొంగరాయియే. చెస్.కామ్, లీచెస్ మున్నగు వేదికలు రేటింగును కృత్రిమముగా పెంచుటను తగ్గించుటను నిషేధించి, అట్లు చేయువారిపై చర్య తీసికొనుట ఇందుకే. ఒకే యింటిలోని వారు ఒకరితో నొకరు ఆడరాదని ఆ వేదికలు చెప్పుట లేదు. ఆడినప్పుడు నిజముగా ఆడుడని మాత్రమే కోరుచున్నవి.

పోటీలయందు ఈ తప్పు మఱింత స్పష్టముగా కానవచ్చును. ఆఱు రౌండ్ల పోటీ యొకటి జరుగుచున్న దనుకొందము. అయిదు రౌండ్లు గడచునప్పటికి అక్కచెల్లెండ్ర బిడ్డలగు ఇద్దఱు బాలురకు చెరి నాలుగున్నర పాయింట్లు. ఎవరికిని చుట్టము కాని మూడవ బాలునికి నాలుగు. కడపటి రౌండున ఆ యిద్దఱును తమలో తలపడవలసి వచ్చినది. నిజముగా ఆడి ఒకడు గెలిచినచో గెలిచినవానికి అయిదున్నర, ఓడినవానికి నాలుగున్నర. మూడవ బాలుడు తన ఆట గెలుచుకొన్నచో అయిదు పాయింట్లతో రెండవ బహుమానము వానిదగును. కాని ఆ చుట్టములు నాలుగైదు ఎత్తులు వేసి డ్రా చేసికొనిరి. ఇప్పుడు మువ్వురకును అయిదేసి. సమానులలో ఎవరు ముందో తేల్చు లెక్కలో ఆ మూడవవాడు వెనుకబడినచో రిక్తహస్తములతో ఇంటికి పోవును. అతనికి అన్యాయము చేసినవా రెవరు? ఆ చుట్టములు అతనిని తిట్టలేదు, కొట్టలేదు, అతని వంక చూడనైన లేదు. తమలో తాము దయగా నుండిరి, అంతే. ఆ దయకు వెల చెల్లించినవాడు మాత్రము వాడు. అరుగుమీది ఆటలో పదిమంది చూచుచుందురు గనుక ఇట్టి పనికి సిగ్గు అడ్డుపడెడిది. ఫోనులోని ఆటలో మూడవవాడు కంటికి కనబడడు. వాని పేరు సైతము ఒక ముద్దుపేరో, కొన్ని అంకెలో. కావుననే యిచ్చట మనస్సాక్షికి పని యెక్కువ.

గొప్ప ఆటగాండ్రు ఇట్లు చేయలేదా యని కొందఱు వాదింతురు. చేసిరన్న నింద మోసినవారు కలరు. దాని ఫలమును గూడ చదువరులు తెలిసికొనదగును. 1962వ సంవత్సరమున కరీబియను సముద్రమందలి కురసావో ద్వీపమున, ప్రపంచ విజేతతో తలపడ దగినవానిని ఎన్నుకొను పోటీ జరిగెను. ఆడినవారు ఎనమండ్రు. వారిలో సోవియట్ దేశపు ఆటగాండ్రగు పెట్రోస్యాన్, గెల్లర్, కెరెస్ అను మువ్వురు తమలో తాము ఆడిన 12 ఆటలును డ్రాగానే ముగిసెను. పెట్రోస్యాన్ 17.5 పాయింట్లతో మొదటివాడాయెను. తక్కిన ఇద్దఱకును 17. అమెరికా దేశస్థుడగు ఫిషర్ 14 పాయింట్లతో నాలుగవవాడు. సోవియట్ వారు ముందే కూడబలుకుకొని ఆడిరని ఫిషర్ ఆ యేడే పత్రికాముఖమున ప్రకటించెను. తరువాత ఫిడే వారు ఆ పోటీ పద్ధతినే మార్చి, ఒక్కొక్క జత విడివిడిగా తలపడి ఓడినవారు తొలగునట్టి ఏర్పాటు చేసిరి. ఫిషరే గెలువవలసినవాడని మేము చెప్పము; మూడున్నర పాయింట్లు వెనుకబడినవా డట్లు చెప్పుకొనజాలడు. కాని పండ్రెండింట పండ్రెండును డ్రా యైనప్పుడు, వానిలో నిజముగా పోరాడిన ఆట యొకటి యున్నను దాని నెవరు నమ్ముదురు? ఆ మువ్వురును మహామేధావులు. అరువది యేండ్లు దాటినను ఆ పోటీ మాట వచ్చినపుడెల్ల వారి ప్రజ్ఞకు ముందుగా ఆ డ్రాలే జ్ఞాపకమునకు వచ్చుచున్నవి. మోసపు డ్రా మంచి డ్రాల పరువును గూడ తీయును.

ఇటీవలి యుదాహరణమును చూపుదుము. 2023 డిసెంబరున సమర్కందు నగరమున జరిగిన ప్రపంచ బ్లిట్జ్ పోటీయందు నెపోమ్నియాషి, దుబోవ్ అను మిత్రులిద్దఱు తమ గుఱ్ఱములను పలకమీద నాట్యమాడించినట్లు త్రిప్పి డ్రా చేసికొనిరి. తీర్పరి ఆ డ్రాను అంగీకరింపలేదు. ఇద్దఱకును సున్న వేసెను. వా రొకరిపై నొకరు మోసము చేసికొనలేదు గదా యని అడుగవచ్చును. నిజమే. మోసపోయినది ఆ పోటీలోని తక్కినవారు. సరిసగము పంచుకొనుట అన్ని వేళల తప్పని మా భావము కాదు. 2020 ఆగస్టున ఇంటర్నెట్టు ద్వారా జరిగిన ఒలింపియాడు అంతిమ పోరులో సాంకేతిక లోపమువలన మన ఆటగాండ్రకు సంబంధము తెగిపోగా, ఫిడే వారు భారతదేశమును, రష్యాను ఉమ్మడి విజేతలుగా ప్రకటించిరి. అది తీర్పు చెప్పవలసినవారు, కారణము చెప్పి, అందఱి యెదుట చేసిన నిర్ణయము. ఆడువారు చాటున చేసికొన్న ఒప్పందము కాదు. ఈ రెంటికిని గల భేదమును బాలురు బాగుగా గుర్తింపవలెను.

ఇక సగము పాయింటు విలువ యెంతో చూడుడు. 2024 ఏప్రిలులో కెనడా దేశపు టొరాంటో నగరమున అట్టి పోటీయే మరల జరిగెను. అందు ఎనమండ్రలో మువ్వురు మనవారు: గుకేష్, ప్రజ్ఞానంద, విదిత్. ఒకే దేశమువారు ఒకరి నొకరు ఆదుకొందురను అనుమానమునకు తావులేకుండ వారిని మొదటి రౌండ్లలోనే తమలో తాము ఆడించిరి. రెండవ రౌండున గుకేష్ ప్రజ్ఞానందను ఓడించెను. మూడవ రౌండున ప్రజ్ఞానంద విదిత్‌ను ఓడించెను. ఇద్దఱును చెన్నపట్టణమున పెరిగినవారు, ఇంచుమించు ఒకే యీడువారు. "మనలో మనకెందుకు" అని యనుకొనుటకు వారికి కావలసినంత కారణ మున్నది. వారట్లు అనుకొనలేదు. పదునాలుగు రౌండ్లు ముగియునప్పటికి గుకేష్ పాయింట్లు 9. అతని వెనుక మువ్వురు 8.5 చొప్పున నిలిచిరి. అన్నిటికంటె ముందున్నది ఆ సగము పాయింటే. రెండవ రౌండున స్నేహముకొఱకు సగము వదలుకొని యుండినచో లెక్క యెట్లుండెడిదో చదువరులే ఊహింపవచ్చును. ఆ తెలుగింటి బాలుడు అదే యేట డిసెంబరున సింగపూరున ప్రపంచ విజేత యయ్యెను. 2025 జూలైలో జార్జియా దేశపు బటూమి నగరమున స్త్రీల ప్రపంచ కప్పు అంతిమ పోరున మన కోనేరు హంపియు, నాగపురపు దివ్యా దేశ్‌ముఖును తలపడిరి. మొదటి రెండాటలును డ్రా. అవి పోరాడి తెచ్చుకొన్న డ్రాలు. పిదప వేగపుటాటలలో దివ్య గెలిచెను. ఒకే దేశపు పతాకము క్రింద నున్నవారు ఇట్లు తలపడుటచేత దేశమునకు కీర్తి తగ్గినదా, పెరిగినదా?

వారు దేశబంధువులే కాని రక్తబంధువులు కారందురేమో. తోబుట్టువుల మాటయు చెప్పుదుము. టెన్నిసు క్రీడయందు వీనస్, సెరీనా విలియమ్స్ అను అక్కచెల్లెండ్రు వింబుల్డన్ అంతిమ పోరున నాలుగుమారులు ఎదురెదురుగా నిలిచిరి. 2002, 2003, 2009 సంవత్సరములలో చెల్లెలు గెలిచెను. 2008లో అక్క గెలిచెను. ఆ నాలుగింటిలో మూడు సంవత్సరములు, అదే మైదానమున, అదే పోటీయందు, ఇద్దఱును ఒక జట్టుగా నిలిచి జంటల బహుమానమును గెలుచుకొనిరి. ఎదురుగా నిలిచినపుడు ఎదుటివారు. ప్రక్కన నిలిచినపుడు తోబుట్టువులు. ఒక పాత్రమును మఱియొక దానితో కలిపి కలతపెట్టుకొనలేదు.

చదరంగమునకే మరల వత్తము. క్యూబా దేశపు కాపబ్లాంకా ప్రపంచ విజేత యైన మహనీయుడు. తాను నాలుగేండ్ల బాలుడై యుండగా తండ్రి ఆడుచుండుట చూచి ఆట నేర్చితిననియు, తండ్రి గుఱ్ఱమును తప్పుగా నడిపినపుడు అది తప్పని చెప్పి, పిమ్మట ఆయనతో ఆడి గెలిచితిననియు ఆయనయే వ్రాసికొనెను. నాలుగేండ్ల పసివాడు తండ్రి తప్పు చూపినాడు. తండ్రి వానిని గద్దించి "మనలో మనకు డ్రా" అని కప్పిపుచ్చి యుండినచో, ఆ బాలునికి తన బుద్ధిబలము తనకే తెలియకపోయెడిది. సత్యమైన ఓటమి తండ్రికి నష్టము కాలేదు. సత్యమైన గెలుపు కుమారునికి త్రోవ చూపినది.

ఇచ్చట తల్లిదండ్రులకు వినయముతో ఒక మనవి. చిన్నవాడు ఓడి యేడ్చునని పెద్దవానిని పిలిచి, "తమ్ముడే కదరా, సరిపెట్టుకో" అని మీరు చెప్పుచుందురు. ఆ మాట ప్రేమనుండి వచ్చినదే, మే మెఱుగుదుము. కాని దానివలన ఇద్దఱును నష్టపోవుచున్నారు. పెద్దవాడు, న్యాయము వేఱు, మనవాడు వేఱు అని నేర్చుకొనుచున్నాడు. చిన్నవాడు, తన అంకెను నమ్మి, తనకు మించినవారి నడుమ పడి, కారణము తెలియక వరుసగా ఓడి, ఆటమీదనే విసుగు చెందుచున్నాడు. ఏడ్చుచున్న బిడ్డ కన్నీరు తుడువవలసినదే. దానికి ఆట ఫలితమును మార్చ నక్కఱలేదు. "ఎచ్చట పొరపాటు పడితివో చూతము రా" అని అన్న తమ్ముని ప్రక్కన కూర్చుండి ఆ యాటను మొదటినుండి మరల చూపినచో, అది పదహారు పాయింట్ల కంటె గొప్ప కానుక.

ప్రేమను చూపుటకు ఈ యాటలోనే నిజాయితీగల దారులు పెక్కులున్నవి. వేదికలయందు లెక్కకు వచ్చు ఆటలు వేఱుగను, లెక్కకు రానివి వేఱుగను ఏర్పాటు చేయబడి యున్నవి. చుట్టములతో వినోదమునకు ఆడునపుడు రెండవదానినే యెన్నుకొనవచ్చును. బలవంతుడు ముందుగానే ఒక గుఱ్ఱమునో మంత్రినో తీసివేసి ఆడుట పూర్వమునుండియు వచ్చుచున్న పద్ధతి. ఇంట పలకమీద దాని నాచరింపవచ్చును. తనకు అయిదు నిమిషములు, తమ్మునికి పదునైదు నిమిషములు పెట్టుకొనవచ్చును. ఇవి బహిరంగమైన దయలు. ఇచ్చువాడు ఇచ్చుచున్నానని చెప్పి యిచ్చును. పుచ్చుకొనువాడు తెలిసియే పుచ్చుకొనును. మూడవవాని జేబునుండి ఒక్క కానియైనను పోదు. పోటీయందు నిజముగా బంధువుతోడనే జతపడినచో, ముందుగా ఏ మాటయు ఆడుకొనక, అపరిచితునితో వలె ఆడవలెను. డ్రా కోర దలచినపుడు తన్ను తాను ఒక్క ప్రశ్న వేసికొనవలెను: "ఎదుట నున్నవాడు నా కెవరును కానివాడైనచో, ఈ స్థితిలో నేను డ్రాకు ఒప్పుకొందునా?" ఒప్పుకొందునని మనస్సు చెప్పినచో నిర్భయముగా ఒప్పుకొనవచ్చును. ఒప్పుకొననని చెప్పినచో ఎత్తు వేయవలెను. ఈ యొక్క ప్రశ్నకు మించిన నియమము మాకు తోచలేదు.

ఇంత చిన్న విషయమునకు ఇంత పెద్ద వ్యాసమా యని కొందఱు నవ్వవచ్చును. కాని "మనలో మనకెందుకు" అను మాట చదరంగపు పలకతో ఆగునది కాదు. పరీక్షాశాలయందు ప్రక్క బల్లమీది మేనబావకు జవాబుకాగితము చూపించునది ఆ మాటయే. ఉద్యోగమునకు వచ్చిన పదిమందిలో అర్హుని తోసి మేనల్లుని పేరు వ్రాయించునది ఆ మాటయే. పంచాయతీలో తీర్పు చెప్పుచు కులమువాని వైపు మొగ్గించునది ఆ మాటయే. మన దేశమునకు కలిగిన కీడులలో శత్రువుల కాఠిన్యమువలన వచ్చినవి కొన్ని యైన, మనవారిమీది మెత్తదనమువలన వచ్చినవి పెక్కు. అబద్ధసాక్ష్యము పలుకరాదని మన పాఠశాలలో ప్రతి బాలుడును నేర్చుకొన్నాడు. సాక్ష్యమనగా న్యాయస్థానమున బోనెక్కి చెప్పునది మాత్రమే కాదు. పలకమీద వేసిన ఎత్తును, ఫలితమునకు ఎదురుగ వ్రాసిన అరయును గూడ సాక్ష్యములే. ఎదుట నున్న చుట్టమునకు మేలు కోరుట సులభము. దానిని ఎవ్వరును మనకు నేర్పనక్కఱలేదు. ఎదుట లేని పరాయివానికి, మన మొగ మెఱుగనివానికి, మనలను అడుగ నైన అడుగలేనివానికి న్యాయము చేయుట నేర్చుకొనవలసిన విద్య. పాఠశాలలు ఉన్నది అట్టి విద్యకొఱకే.

కాబట్టి విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో మీ బాబాయిలతోను, బావలతోను, అన్నదమ్ములతోను, అక్కచెల్లెండ్రతోను మిక్కుటముగా ఆడుడు. గెలిచినచో గర్వింపక గెలువుడు. ఓడినచో చిన్నబుచ్చుకొనక ఓడుడు. డ్రా యైనచో అది మీ యిద్దఱి శ్రమచేత వచ్చిన డ్రా కావలెను. ఆట ముగిసినపిమ్మట చుట్టఱికము ఎక్కడికిని పోదు. ఆడకమునుపు ఎంత యున్నదో అంతయు అచ్చటనే యుండును. ఒక ఆటలో ఓడినంతనే తఱిగిపోవు చుట్టఱికమైనచో, దానిని డ్రాలు కాపాడజాలవు.